స్పెక్ట్రమ్ అంటే మాకు తెలిసింది 2జీ ఒక్కటే

సంపాదకులు గారికి నమస్కారం.

ఏప్రిల్ 2న ఆటిజం దినం సందర్భంగా మీ పత్రికలో వచ్చిన వార్తలో 'ఆటిజం వ్యాధితో బాధపడుతున్న చిన్నారులు' అని రాశారు. మా వాడికీ ఆటిజం ఉంది, ఏడేళ్లు. అది జబ్బు కాదు, మెదడు పనిచేసే తీరులో తేడా. వాడు బాధపడేది ఫంక్షన్ హాల్లో డీజే మోతకి.

నాలుగేళ్ల కిందట మా చేతిలో పెట్టిన రిపోర్టు మొత్తం ఇంగ్లీషే. ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అని ఉంది. స్పెక్ట్రమ్ అంటే మాకు తెలిసింది 2జీ కుంభకోణం. ఇక్కడ మాత్రం ఆటిజం ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా, ఒక్కో మోతాదులో కనిపిస్తుందని దాని అర్థమట. కింద ఎకోలేలియా అని చూసి, మలేరియా లాంటి జబ్బు ఇంకోటి కూడా ఉందేమోనని మా ఆయన మందుల షాపులో అడిగొచ్చారు. తీరా చూస్తే అది మేం రోజూ వినేదే. వాడికి దాహమైతే "నీళ్లు తాగుతావా నాన్నా?" అని నన్ను అడుగుతాడు. అది నేను వాణ్ని అడిగే మాట. విన్నది విన్నట్టే తిరిగి అప్పజెప్తాడు. ఈ ముక్క ఎవరైనా తెలుగులో చెప్పి ఉంటే, వీడికి మాటలు రావట్లేదని ఏడుస్తూ కూర్చోకుండా గ్లాసు అందించేదాన్ని.

ఇక వాడికి రాసిన 'మైల్డ్' అనే మాట. మన దేశంలో వైకల్య సర్టిఫికెట్ ఇవ్వడానికి ఆటిజం ఎంత ఉందో కొలిచే ఇసా స్కేల్‌లో 40 అంశాలుంటాయి. 70 నుంచి 106 మధ్య స్కోరు వస్తే మైల్డ్. చుట్టాలకి మాత్రం అది కాస్త ఒళ్లు వెచ్చబడినట్టు. "మైల్డే కదా, పెద్దయితే అదే పోతుందిలే" అంటారు. వ్యాధి అన్నాక మందు ఉండాలి కదా, తగ్గిస్తామనే వాళ్ల చుట్టూ మేమూ తిరిగాం. ఎంత పోగొట్టుకున్నామో రాయను. మా అత్తగారు ఈ పేపరే చదువుతారు.

ఇప్పుడు న్యూరోడైవర్సిటీ అంటున్నారు. తెలుగులో 'నాడీ వైవిధ్యం' అని రాస్తే సైన్సు పాఠంలా ఉంది. నాకు అర్థమైనంతలో, వాడి క్లాసులో 35 మంది బుర్రలు 35 రకాలుగా పనిచేస్తాయి, ఆ తేడాలన్నీ కలిపి న్యూరోడైవర్సిటీ. అందులో నలుగురి దారిలో పడని మా వాడిలాంటి వాళ్లు న్యూరోడైవర్జెంట్. అలాగని వైకల్యం అనే మాట తీసేయమనడం లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది కాబట్టే పరీక్షల్లో వెసులుబాటు అడగగలుగుతున్నాం. ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేకపోయే ఏడీహెచ్‌డీ పేరు అందులో లేదు. అది తెలియక మా చెల్లెలు తన కొడుకు సర్టిఫికెట్ కోసం రెండుసార్లు పనిమానుకుని తిరిగింది.

ఆ ఇసా స్కేల్ తయారుచేసిన జాతీయ సంస్థ ఉన్నది మన సికింద్రాబాద్‌లోనే. అయినా రిపోర్టుతో పాటు ఒక్క పేజీ తెలుగు కాగితం ఇచ్చినవాళ్లు మాకు తగల్లేదు. మీరు 'వ్యాధి', 'బాధితులు', 'మందబుద్ధి' అనే మాటలు మానేసి, ఆదివారం అనుబంధంలో వారానికో పదం వివరించి వేయండి. ముందు ఎకోలేలియాతో మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక తల్లి, ఖమ్మం