రాడార్ లెవెల్ కదలకపోతే ముందు ఎకో కర్వ్ చూడండి

అందరికీ నమస్తే. నిన్న నైట్ షిఫ్ట్‌లో సున్నపు స్లర్రీ ట్యాంకులో లెవెల్ కొలిచే రాడార్ 92 శాతం దగ్గర ఆగిపోయింది, కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ మీద ఫోన్, తీరా పైకెక్కి చూస్తే ట్యాంకు సగం కూడా లేదు. డిస్‌ప్లేలో నీలం గుర్తు, అంటే మెయింటెనెన్స్ కావాలని, రెండు రోజులుగా ఉందట, ఎవరూ పట్టించుకోలేదు. కంట్రోల్ రూమ్‌కి వెళ్లే సిగ్నల్ కరెంటు 18.7 మిల్లీయాంప్స్, అంటే మామూలు 4-20 పరిధిలోనే వస్తోంది కాబట్టి అంతా బాగుందనుకున్నారు. 3.6 కి పడితేనో 21 దాటితేనో మాత్రమే ఫాల్ట్ అనుకోకండి, ప్లీజ్.

ఫోన్‌లో బ్లూటూత్‌తో ఎకో కర్వ్, అంటే ఏ దూరం నుంచి ఎంత ఎకో తిరిగొస్తోందో చూపే గ్రాఫ్, తెరిస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోయింది: యాంటెన్నా పక్కనే పెద్ద శిఖరం, అసలు లెవెల్ ఎకో ఎక్కడో కింద సన్నగా. విప్పితే వేలు మందాన సున్నం పేరుకుని ఉంది. గీకి, తుడిచి పెట్టగానే 41 కి దిగింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. తుడవకుండా ఫాల్స్ ఎకో మ్యాపింగ్ (ఫలానా ఎకోని లెక్కలోకి తీసుకోవద్దని రాడార్‌కి నేర్పడం) అస్సలు చేయొద్దు. అప్పటికి అలారం పోతుంది గానీ, రేపు ట్యాంకు నిజంగా నిండినప్పుడు పైన వచ్చే ఎకోని కూడా ఆ మ్యాపింగ్ మింగేస్తుంది, స్లర్రీ పొంగి మనవాళ్ల మీదే పడుతుంది.

ఈ వారం ఏ ట్యాంకు ఖాళీ అయినా, యాంటెన్నా శుభ్రంగా ఉందో లేదో చూసుకుని, దాని కర్వ్ సేవ్ చేసి ట్యాగ్ నంబర్‌తో ఇక్కడ పెట్టండి.