టైమింగ్ గుర్తులు చూశాకే బెల్టు విప్పాలి

సంపాదకులకు నమస్కారం.

కారు ఇంజిన్‌లో వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్‌ను సొంతంగా మార్చుకునేవారు కొత్త భాగం ఎంపికపై చూపే శ్రద్ధను దాన్ని క్రాంక్‌షాఫ్ట్‌తో కలిపి తిప్పే టైమింగ్ బెల్టు విప్పే పనిపై చూపకపోవడం నన్ను కలవరపెడుతోంది. పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్‌షాఫ్ట్ 2 సార్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక్కసారే తిరుగుతుంది కాబట్టి, క్రాంక్ పుల్లీ గుర్తు కలిసినంత మాత్రాన మొదటి సిలిండర్ కంప్రెషన్ (పిస్టన్ పైకి వచ్చి గాలిని నొక్కే దశ) చివర ఉందని అనుకోకూడదు. క్యామ్ గేరు గుర్తునూ సరిచూసి, రెండింటికీ పెయింటుతో ఆనవాలు పెట్టుకున్నాకే బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్‌ను వదులు చేయాలి. బెల్టు తీశాక దేన్ని తిప్పినా, చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోవచ్చు. తిరిగి బిగించాక వెంటనే స్టార్ట్ చేయకుండా, క్రాంక్‌ను చేత్తో 2 పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. మధ్యలో గట్టిగా అడ్డు తగిలితే బలవంతం చేయకుండా అక్కడే ఆపాలి. ఈ జాగ్రత్తలను మీ పత్రిక బొమ్మలతో సహా వివరంగా ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు