వార్షిక నివేదిక 2024–25: వనస్థలిపురంలో మన వీధులు

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన కాలనీ సంఘం చేసిన పనులు, చేయలేకపోయినవి మీ ముందుంచుతున్నాను. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు.

నీళ్ళతో మొదలుపెడతాను, నాకొచ్చే ఫోన్లలో సగం వాటి గురించే. నాగార్జునసాగర్ వైపు నుంచి వచ్చే కృష్ణా పైపులైను హైదరాబాద్ నగరానికి చేరేది మన పక్కనున్న సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కే. అయినా మనకు నల్లా రోజు విడిచి రోజు. వేసవిలో చివరి రెండు వీధుల్లో ప్రెషర్ చాలక సంపులు నిండలేదు. నీళ్ళు వదిలే సమయం పెంచమని మూడుసార్లు అర్జీ ఇచ్చాం. రెండోసారి ఇచ్చింది ఏమైందని అడిగితే మొదటిదాని నకలు తెమ్మన్నారు. చివరికి పావుగంట పెరిగింది. పైపులు మాత్రం పాతవే. ఒక కుటుంబానికని వేసిన కనెక్షన్ ఉన్నచోట ఇప్పుడు ఆరు ఫ్లాట్లు లేస్తున్నాయి. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకానికి మీటరు, ఆధార్ అనుసంధానం తప్పనిసరి కాబట్టి, ఇంకా చేయించుకోని అపార్ట్‌మెంట్ల వాళ్ళు చేయించుకోవాలి.

ఆ ఆరు ఫ్లాట్ల సంగతే ఈ ఏడాది మన అసలు సమస్య. సొసైటీలో ప్లాటు తీసుకుని, లోను పెట్టి, ముందు రెండు గదులు వేసుకుని, పిల్లల చదువులయ్యాక పైన ఒక వాటా కట్టుకున్న ఉద్యోగుల కాలనీ మనది. అప్పట్లో సిటీకి వెళ్ళొస్తామని చెప్పి బస్సెక్కేవాళ్ళం. 2007లో ఎల్బీనగర్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ)లో కలిసింది, 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. ఇప్పటికీ మా ఆవిడ కోఠి వెళ్తే సిటీకి వెళ్ళానంటుంది. హయత్‌నగర్ దాకా 7.1 కిలోమీటర్ల పొడిగింపునకు 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కేంద్రం ఆమోదం రావాలి. ఈలోపే మనవైపు గజం రేటు ఎక్కడం మొదలైంది, ఫ్లాట్లు కట్టమని ఇళ్ళు బిల్డర్లకు డెవలప్‌మెంట్‌కు ఇవ్వడమూ జోరందుకుంది.

ఆగస్టులో మూలమీది పాత ఇంటిని కూల్చారు. ఇల్లు వాళ్ళది, అందులో మనం అనేదేమీ లేదు. గేటు పక్కన వేపచెట్టు మాత్రం ప్రహరీ బయట, రోడ్డు వారన ఉంది. దాన్ని ఉంచమని బిల్డరును అడిగాం, ఉంచుతానన్నాడు. ఒక ఆదివారం తెల్లవారకముందే రంపం చప్పుడుకు వీధంతా లేచింది. మేం వెళ్ళేసరికి మొద్దు మిగిలింది, దాని మీద ఇస్త్రీబండి అతను రోజూ తగిలించే నీళ్ళ డబ్బా అలాగే వేలాడుతోంది. అతనిప్పుడు పార్కు గోడ దగ్గర నీడకోసం ప్లాస్టిక్ పట్టా కట్టుకున్నాడు. ఫిర్యాదు ఇచ్చాం, రసీదు ఫైల్లో ఉంది. పేరులోనే వనం ఉన్న ఊరు మనది. 1975లో కృష్ణజింకల కోసం హరిణ వనస్థలిని ఏర్పాటు చేశారు, 1994లో అది జాతీయ పార్కయింది. మూడున్నర వేల ఎకరాలకు పైగా ఉన్న ఆ అడవి, ఒకప్పటి నిజాం వేట మైదానం, మన పక్కన ఇంకా ఉంది. మన వీధిలో వేపచెట్టు లేదు.

వానలకు ఈసారి ఇళ్ళలోకి నీరు రాలేదు. 2020 అక్టోబరు వరదలు చూసినవాళ్ళం కాబట్టి మే నెలలోనే వెంటపడి నాలా పూడిక తీయించాం. సీసీ కెమెరాల్లో రెండు పనిచేయడం లేదు. వినాయక చవితి, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగాయి. బతుకమ్మకు పార్కులో లైట్లు చాలలేదన్న ఆడవాళ్ళ మాట నిజమే, ఈసారి చూసుకుంటాం.

ఇక తీర్మానం. మన నియమావళి ప్రకారం సభ్యత్వం ఇంటి యజమానులకే. ఆ రోజుల్లో యజమానే ఇంట్లో ఉండేవాడు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళిద్దరే, పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో. మిగతా వాటాల్లో అద్దెకుండేవాళ్ళు. నాలా పూడిక తీసేటప్పుడు దగ్గర నిలబడ్డ నలుగురిలో ముగ్గురు అద్దెకున్నవాళ్ళే. వాళ్ళను చందా అడుగుతాం, వినాయకుడి మండపానికి పిలుస్తాం, మీటింగులో మాత్రం కుర్చీ వేయం. ఏడాదికి పైగా ఉంటున్న అద్దెదారులకు ఓటుతో సభ్యత్వం ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. కార్యవర్గంలోనే ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్ళ అభ్యంతరాలు సమావేశంలో వాళ్ళే చెబుతారు.

ఓటింగు చేతులెత్తే పద్ధతిలో ఉంటుంది. విదేశాల్లో ఉన్న యజమానులు వాట్సాప్‌లో బొటనవేలు పెడితే లెక్కలోకి తీసుకోం. దయచేసి ఎవరికైనా రాతపూర్వకంగా అధికారం ఇచ్చి పంపండి.

కార్యదర్శి