మే వెల్లండ్ అంత అమాయకురాలేం కాదు

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ సాహిత్య పేజీలో ఈడిత్ వార్టన్ నవల 'ది ఏజ్ ఆఫ్ ఇన్నొసెన్స్' గురించి వచ్చిన వ్యాసం చదివాను. నూరేళ్లు దాటిన ఒక అమెరికన్ నవలకు అరపేజీ కేటాయించడం సంతోషమే. కానీ అది కుటుంబ విలువలను నిలబెట్టిన విషాద ప్రేమగాథ అని తేల్చేయడం, కథానాయకుడి భార్య మే వెల్లండ్‌ను లోకం తెలియని ఇల్లాలిగా చూపించడం చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. ఈ నవలను ఏళ్ల తరబడి డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పినదాన్ని.

కథ 1870ల నాటి న్యూయార్క్ సంపన్న కుటుంబాలది. లాయరు న్యూలండ్ ఆర్చర్‌కు మేతో పెళ్లి కుదిరిన రోజుల్లోనే ఆమె మేనమామ కూతురు ఎలెన్, యూరప్‌లో భర్తను వదిలేసి వస్తుంది. విడాకులు కావాలంటుంది. చట్టం ఒప్పుకుంటుంది, ఆ కుటుంబాలు ఒప్పుకోవు. ఆమెకు నచ్చజెప్పి మానిపించే పని ఆర్చర్ నెత్తిన పెడతారు. అతను ఆ పని చేస్తాడు, ఆ తర్వాత ఆమెనే ప్రేమిస్తాడు. ఇంతవరకు మీ వ్యాసకర్త చెప్పినదాంతో నాకు పేచీ లేదు.

ఆయన అసలు ముట్టుకోనిది ఎలెన్‌కు మే ఇచ్చిన వీడ్కోలు విందును. పెళ్లయ్యాక ఆ జంట ఇచ్చిన మొదటి పెద్ద విందు అది. ఎలెన్‌ను గౌరవ అతిథిగా ఆర్చర్ కుడి పక్కన కూర్చోబెడతారు. అందరూ ఆమెతో ఎంతో ఆప్యాయంగా మాట్లాడతారు. ఒక్కరి నోటా పరుషమైన మాట రాదు. తామిద్దరికీ సంబంధం ఉందని ఇక్కడున్న వాళ్లందరూ నమ్ముతున్నారనీ, మే పక్షాన కూడబలుక్కుని ఎలెన్‌ను సాగనంపుతున్నారనీ ఆర్చర్‌కు తినేచోటే తెలిసొస్తుంది. పొమ్మనలేక పొగబెట్టడాన్ని ఇంత మర్యాదగా రాసిన పుటలు నేను వేరే చదవలేదు.

అతిథులు వెళ్లాక ఆర్చర్, దూరంగా ఇండియాకో జపాన్‌కో వెళ్లిపోవాలని ఉందంటాడు. డాక్టర్లు ఒప్పుకుంటే తనూ వస్తానంటుంది మే. తను గర్భవతినని ఆ ఉదయమే రూఢి అయిందట. ఎలెన్‌తో మాత్రం రెండు వారాల క్రితమే చెప్పేసింది! అప్పటికింకా తెలియదు కదా అని ఆర్చర్ అంటే, నా మాటే నిజమైంది చూశావా అంటుంది. ఆ క్షణంలో ఆమె నీలి కళ్లు విజయంతో తడిసి ఉన్నాయని రాస్తుంది వార్టన్. ఈమెనా అమాయకురాలనడం? నేను మేను తప్పుపట్టడం లేదు. ఆ సమాజం ఆడదానికి ఇచ్చిన ఆయుధాలు అవే, వాటితోనే ఆమె తన కాపురాన్ని కాపాడుకుంది. ఆ తెలివిని గుర్తించకపోతే ఆమెకు అన్యాయం చేసినట్టే. అప్పుడు విందులో కూర్చున్న పెద్దమనుషులు కూడా ఏ నిందా లేకుండా తప్పించుకుంటారు.

ఈ నవలను నీతికథగా చూసే పొరపాటు కొత్తది కాదు. 1921లో అమెరికా సాహిత్య బహుమతి పులిట్జర్‌కు న్యాయనిర్ణేతలు సిఫార్సు చేసింది సింక్లెయిర్ లూయిస్ 'మెయిన్ స్ట్రీట్'ను. ఆ బహుమతినిచ్చే కొలంబియా విశ్వవిద్యాలయ ట్రస్టీలు దాన్ని కాదని వార్టన్‌కు బహుమతి ఇచ్చారు. నవలా విభాగంలో దాన్ని అందుకున్న తొలి మహిళ ఆమె. అమెరికన్ జీవితంలోని ఆరోగ్యకరమైన వాతావరణాన్ని, ఉన్నతమైన మర్యాదలను చూపే నవలకు ఇవ్వాలన్నది అప్పటి నిబంధన. అమెరికన్ నీతిని ఉద్ధరించినందుకు తనకు బహుమతి వచ్చిందని తెలిసి నిరాశ కలిగిందని ఆమె లూయిస్‌కే ఉత్తరం రాసింది. మరుసటి ఏడాది అతను తన నవల 'బాబిట్'ను ఆమెకు అంకితమిచ్చాడు.

చివరి అధ్యాయాన్ని కూడా వ్యాసకర్త త్యాగమనే ఒక్క మాటతో దాటేశారు. మే చనిపోయాక పారిస్‌లో కొడుకు తండ్రితో అంటాడు: అమ్మ అడిగితే మీరు అన్నిటికంటే కోరుకున్నదాన్ని వదులుకున్నారట కదా అని. ఆమె నన్నెప్పుడూ అడగలేదు అంటాడు ఆర్చర్. అంటే ఇన్నేళ్లూ ఆమెకు అంతా తెలుసు.

మీ పేజీలో కథాసారాంశాలకు ఇచ్చే చోటులో కొంతైనా ఇలాంటి సన్నివేశాలను దగ్గరగా చదివే విమర్శకు ఇవ్వండి. ఈ నవలపైనే భిన్నాభిప్రాయంతో మరో వ్యాసం వేస్తే ఇంకా మంచిది.

— ఒక విశ్రాంత ఆంగ్ల అధ్యాపకురాలు,
రాజమహేంద్రవరం