ముందు ఆర్వో ప్లాంటు బాగు చేయించండి

సంపాదకుడు గారికి,

కూల్‌డ్రింకుల విషయంలో ‘పిల్లల్లోనే మార్పు రావాలి’ అని అధికారులు సెలవిచ్చిన వార్త పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివాను. ఊరుకుందామనుకున్నాను గానీ మనసొప్పలేదు. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను.

ఈ మధ్య తొమ్మిదో తరగతిలో పావు లీటరు కూల్‌డ్రింకు సీసా మీది చక్కెర లెక్క చదివించి, అంత పంచదారా ల్యాబ్ త్రాసులో తూచి కాగితం మీద పోశాను. 26 గ్రాములు, అంటే ఐదారు చెంచాలు. రోజు మొత్తానికి 25 గ్రాములు దాటకపోతే మంచిదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ‘‘టీలో రెండో చెంచా వేసుకుంటేనే మా నానమ్మ తిడుతుంది సార్’’ అంది ఓ అమ్మాయి. మానేస్తారా అంటే సగానికి పైగా చేతులు లేచాయి. వెనక బెంచీ కుర్రాడొకడు, ‘‘మానేస్తాం సార్, మరి చల్లటి నీళ్లెక్కడున్నాయి?’’ అన్నాడు.

ఏం చెప్పను? మా బడి ఆర్వో ప్లాంటు దసరా సెలవుల ముందు ఆగిపోయింది. మూడు అర్జీలు పెట్టాం. ఒకాయన వచ్చి ఫొటో తీసుకుని వెళ్లాడు, అంతే. గేటు పక్క బడ్డీలో ఫ్రిజ్ మాత్రం ఒక్క పూటా ఆగదు. కరెంటు పోతే ఐసుగడ్డ తెప్పిస్తాడు. చక్కెర ఎక్కువున్నవి బడి గేటుకు 50 మీటర్లలోపు అమ్మకూడదని 2020లోనే కేంద్రం నిబంధన పెట్టింది. ఆ బడ్డీ మా గేటుకు నా అడుగుల్లో 14. ‘పిల్లలకు తగదు’ అని సీసా మీదే రాసి ఉండే కెఫీన్ డ్రింకూ అక్కడ దొరుకుతుంది.

ఈ కూల్‌డ్రింకుల అలవాటు మీదే మా దగ్గర అవగాహన సదస్సు కూడా జరిపారండోయ్. గంటన్నర ప్రసంగాలు. మధ్యలో వేదిక మీది పెద్దలకు కూల్‌డ్రింకులొచ్చాయి, స్ట్రాలు వేసి మరీ! ముందు వరుస పిల్లలు నావైపు చూసి నవ్వారు. తల దించుకున్నాను. పెళ్లిళ్లలోనూ అంతే, మజ్జిగ అడిగితే ఎగాదిగా చూస్తున్నారు.

ఈ సీసాల మీద 40 శాతం జీఎస్టీ వసూలవుతోంది. అందులోంచి ఒక ఫిల్టరు రాదా? మన దగ్గర ఏ పనైనా రిబ్బను కత్తిరించే దాకానే. రోడ్డయినా, ట్యాంకయినా, ప్లాంటయినా ఆ తర్వాత దాని ముఖం చూసే నాథుడుండడు. ఈ ఉత్తరం అచ్చయితే మళ్లీ ఎవరో వచ్చి ఫొటో తీసుకుంటారు. రానివ్వండి, వచ్చేటప్పుడు ఫిల్టర్లు కూడా పట్టుకు రమ్మనండి.

పేరు వేయకండి. నాకింకా నాలుగేళ్ల సర్వీసుంది.

— ఓ సైన్సు మాస్టారు, పశ్చిమ గోదావరి జిల్లా