దొడ్లు చూసొచ్చిన ఎనిమిదో తరగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులు అయిన దగ్గర్నుంచి ఎనిమిదో తరగతి పిల్లల్ని శనివారం మధ్యాహ్నాలు ఊళ్లోని ఇళ్ల పెరళ్లు చూడటానికి తీసుకెళ్తున్నాం. "మొక్కలు చూడాలంటే కడియం తీసుకెళ్లొచ్చు కదండీ, బస్సు మేమే మాట్లాడతాం" అని మీలో కొందరు అన్నారు. కడియం, కడియపులంక నర్సరీల నుంచి దేశమంతటికీ మొక్కలు వెళ్తాయి. అక్కడికీ తప్పకుండా వెళ్దాం. కాకపోతే నర్సరీలో మొక్క అమ్మకానికి పెట్టింది, నాలుగు రోజులుండి లారీ ఎక్కేస్తుంది. పెరట్లో అయితే మొక్క పక్కనే దాన్ని పెట్టిన మనిషి ఉంటారు. ఏది ఎక్కడ ఎందుకు పెట్టారో, ఏది ఎందుకు చచ్చిపోయిందో చెప్తారు. మన పిల్లలు వినాల్సింది ఆ సంగతులేనని నా నమ్మకం.

ముందుగా కాలవ గట్టు వీధిలోని మామ్మగారి దొడ్డి చూడటానికి వెళ్లాం. గిన్నెలు కడిగిన నీళ్లు చిన్న బోదెలో పడి చక్కెరకేళి పిలకల్లోకి పోతాయి, అక్కడ నిండితే చేమ మడిలోకి. కొబ్బరి నీడలో కంద, పసుపు. ఎండ తగిలే మూల బీరపందిరి. దడి మీద తీగ బచ్చలి. వంటింటి గుమ్మం పక్కనే కరివేపాకు. పోపు మాడకముందే రెబ్బ తుంచుకు రావాలి కదా, అందుకని అక్కడ పెట్టానన్నారు మామ్మగారు. పెళ్లిళ్లలో కంద బచ్చలి కూర మారు వడ్డించుకునే పిల్లలు కంద మొక్కను చూసి ఏదో చెట్టు అనుకున్నారు. ఒక్కటే కాడ, పైన గొడుగులా విచ్చుకుని ఉంటుంది. అన్ని చీలికలుగా కనిపించేదంతా ఒకే ఆకు అని తెలిసి ఆశ్చర్యపోయారు. ఆ ఆకు పండి వాలిపోయాకే దుంప తవ్వాలట.

"ఈ దొడ్డి ఎప్పటిదండీ?" అని ఒకబ్బాయి అడిగాడు. మామ్మగారు 1996 నవంబరు 6 నాటి తుపాను దగ్గర మొదలుపెట్టారు. అప్పటిదాకా ఉన్న దొడ్డి ఆ రాత్రితో పోయింది. కొబ్బరి చెట్లు ఒక్కటీ నిలవలేదు, పనస వేళ్లతో సహా లేచిపోయింది. మళ్లీ మొక్కలు పెట్టారు. దేశవాళీ కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అన్నాళ్లూ దొడ్డంతా ఎండే కాబట్టి అరటి, ఆనప, బీర, గోంగూర వేసి ఇల్లు గడుపుకున్నారు. కొబ్బరి ఎదిగి నీడ కమ్ముకునేకొద్దీ ఎండ కావాల్సిన వాటిని పక్కకు జరిపి, నీడకు ఓర్చుకునే కంద, పసుపు దించారు. ఇప్పుడు మనం చూస్తున్న దొడ్డి అలా ఏళ్ల మీద తయారైంది. ఆవిడ చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఆ గంటసేపూ మా సైన్సు టీచరు కూడా పిల్లల పక్కనే నిలబడి నోట్సు రాసుకున్నారు. ఆ తుపాను నాటికి మీలో చాలామంది చిన్నపిల్లలు. మీ ఇంటి పెద్దవాళ్ల చేత ఆ సంగతులు మన పిల్లలకు చెప్పించండి.

అక్కడే కొబ్బరాకుల అడుగున తెల్లటి దూదిలాంటిది, కింద అరటాకుల మీద నల్లటి మసి కనిపించాయి. ఆ రెండూ తెల్లదోమ వల్ల వచ్చినవే. కొన్నేళ్లుగా మన రైతులందరికీ ఇదే బెంగ. దీన్ని అదుపు చేసే మిత్ర పురుగుల్ని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో పెంచుతారు. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాలని ఉంది.

రెండో తోట నేల మీద లేదు. రిటైరైన బస్సు డ్రైవరుగారి ఇంటి చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాయి, బోరు నీళ్లు ఉప్పనయ్యాయి, పెరట్లో పెట్టినవి పెట్టినట్టే మాడిపోయాయి. ఆయన ఊరుకోలేదు, తోటను డాబా ఎక్కించారు. పెయింటు డబ్బాలకు అడుగున కన్నాలు పెట్టి, కొబ్బరి డొక్కల ముక్కలు పరిచి, పైన మట్టీ పశువుల ఎరువూ కలిపి నింపారు. వాన నీళ్లు పట్టుకుంటారు, చాలకపోతే కాలవ నుంచి బిందెలతో మోస్తారు. పొట్లకాయలు వంకర తిరగకుండా చివర చిన్న చిన్న రాళ్లు కట్టారు. పిల్లలకు అదే పెద్ద వింత.

ఆయన డ్రమ్ములో పెంచుతున్న జామకు శ్రావణంలో గాలి అంటు కట్టారు. వేలంత లావు కొమ్మకు అంగుళం మేర చుట్టూ బెరడు తీసేసి, అక్కడ తడిపిన కొబ్బరి పొట్టు పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి రెండు వైపులా బిగించి కట్టడమే. మేం వెళ్లేసరికి కాగితం లోపల తెల్లటి వేళ్లు అల్లుకుని ఉన్నాయి. వేళ్లన్నీ బెరడు తీసిన చోటికి పై అంచు నుంచే వచ్చాయని, కింది అంచున ఒక్కటీ లేదని ఒకమ్మాయి కనిపెట్టింది. ఆకుల్లో తయారైన ఆహారం బెరడులోంచే కిందికి దిగుతుంది, దారి తెగేసరికి అక్కడే పోగుపడి వేళ్లు పుడతాయి. పోషక కణజాలం గురించి పదో తరగతిలో రాబోయే పాఠాన్ని ఆ పిల్ల ఇప్పుడే కళ్లారా చూసింది. డ్రైవరుగారు ఆ కొమ్మను వేళ్లకు కింద కోసి మన బడికి ఇచ్చారు. పంపు పక్కన నాటాం.

మీకు మూడు విన్నపాలు. మా ఇంట్లో ఏముందండీ, ఏవో నాలుగు మొక్కలు అంటారు చాలామంది అమ్మలు, నాయనమ్మలు. ఆ నాలుగు మొక్కలే మాకు కావాలి. అద్దె ఇంటి గుమ్మంలో రెండు కుండీల కనకాంబరం ఉన్నా వస్తాం. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు దొడ్డంతా సిమెంటు చేయించకండి, ఒక మూలైనా మట్టి వదలండి. మీ పిల్లలు అక్కడ ఒక పాదు పెడతారు.

బడి తోటకు బీర, ఆనప, చిక్కుడు, గోంగూర గింజలు ఉంటే గుప్పెడు పొట్లం కట్టి, మీ పేరు రాసి పంపండి. పండినవి పిల్లల మధ్యాహ్న భోజనంలోకే వెళ్తాయి. ఆ భోజన పథకానికి మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు కాబట్టి, కూర కూడా మన దొడ్ల గింజలదే అయితే నాకు మరీ సంతోషం.

వచ్చే శనివారం భోజనాలయ్యాక బయల్దేరతాం. నీళ్ల సీసా, పాత చెప్పులు చాలు. కంద, చేమ తగిలితే ఒళ్లు దురద పెట్టే పిల్లలుంటే క్లాసు టీచరుకు ముందే చెప్పండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు