చేతిరాత ఫాంటు ఎక్కడ బాగుంటుంది, ఎక్కడ వద్దు

తల్లిదండ్రులకు నమస్కారం.

వార్షికోత్సవం పనులు మొదలయ్యాయి. ఆహ్వానాలు, చార్టులు, ప్రాజెక్టు అట్టలు చాలామంది ఇంట్లోనే కంప్యూటర్‌లో చేసి పంపుతున్నారు. వాటిలో ఎక్కువగా కనిపిస్తున్నది చేతిరాతను పోలిన ఫాంటు. పిల్లల పనికి అది ముచ్చటగానే ఉంటుంది, కాకపోతే చోటు చూసి వాడాలి.

తెలుగులో ఈ తరహా వాటిలో ఒకటి లక్కిరెడ్డి ఫాంటు. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసింది, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అక్కడి నుంచి దించుకున్న జిప్ ఫైలు విప్పి, లోపలున్న టీటీఎఫ్ (ఫాంటు) ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కండి. వర్డ్‌ను మూసి మళ్లీ తెరవండి. ఫాంటు పేరు మారినా అక్షరాలు మారకపోతే కంట్రోల్ డి నొక్కి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ దగ్గర కూడా అదే ఎంచుకోండి.

శీర్షికకు, నినాదానికి, పుట్టినరోజు కార్డుకు ఇది చక్కగా సరిపోతుంది. ఏ4 కాగితం మీద 28 పాయింట్ల కంటే తగ్గించకండి. తగ్గిస్తే ఠ లోపలి చుక్క పూడుకుపోయి ర లాగే కనిపిస్తుంది. ద, ధ, థల తేడా కూడా పోతుంది. బోల్డ్ అసలే నొక్కవద్దు. ఈ ఫాంటుకు విడిగా బోల్డ్ లేదు కాబట్టి వర్డ్ ఉన్న గీతలనే ఉబ్బిస్తుంది, అక్షరాల లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. సైజు పెంచితే చాలు. వరుసల మధ్య ఎడం 1.5 ఉంచండి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

పేరాలకు పేరాలు మాత్రం ఇందులో కొట్టవద్దు. 'అమ్మమ్మ' అని టైపు చేసి చూడండి: రెండు 'మ్మ'లూ అచ్చు గుద్దినట్టు ఒకటే. చేత్తో రాస్తే ఎవరికీ అలా రావు. ఒక మాటలో పట్టించుకోం గానీ, పేజీ నిండా అదే ఉంటే చదవడం కష్టం. తేదీలు, బస్సు వేళలు మండలి లాంటి సాదా ఫాంటులో 14 పాయింట్లలో పెట్టండి. (1975 ప్రపంచ తెలుగు మహాసభలను నడిపిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మీద వచ్చిన ఫాంటు అది.)

ఒకటి, రెండు తరగతుల పిల్లలచేత దిద్దించడానికి ఈ ఫాంటుతో ప్రింటు తీయకండి, దయచేసి. అక్షరం ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో ఇది చూపదు. సొగసు కోసం వంచిన తలకట్టునే అసలు రూపమనుకుని దిద్దుతారు, ఆ వయసులో పడిన వాటం మాన్పించడం చాలా కష్టం. క్లాసు టీచరు ఇచ్చే కాగితాలే వాడండి.

వాట్సాప్‌లోనైనా, ప్రింటు షాపుకైనా వర్డ్ ఫైలు కాకుండా పీడీఎఫ్ ఇవ్వండి. అవతలివాళ్ల దగ్గర ఆ ఫాంటు లేకపోతే వేరే అక్షరాలు వచ్చి పేజీ అమరికంతా చెదిరిపోతుంది. పాత ఆహ్వానాలు 'అను' అనే పాతతరం తెలుగు ఫాంట్లలో ఉంటే వాటిలోని మాటలు కాపీ చేసినా గజిబిజి గుర్తులే వస్తాయి; కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు వాడే పద్ధతిలోకి) మార్చుకోవాలి, లేదా మళ్లీ టైపు చేసుకోవాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు